ఏ వారమూ అనుకున్నట్టు సాగడం లేదు, మేడమ్

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను 2024 డీఎస్సీలో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికై, నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక తండా ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. బడిలో మొత్తం 41 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. నాలుగు, ఐదు తరగతులు ఇన్‌చార్జి హెచ్‌ఎం సార్ చూస్తారు. ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి 27 మంది నాకు. అందరూ ఒకే గదిలో. ఆదివారం రాత్రి కూర్చుని వారమంతటికీ ప్లాన్ రాసుకుంటాను. మంగళవారానికే అది చెదిరిపోతుంది. ఒకటో తరగతికి చెబుతుంటే మూడో తరగతి వాళ్ళు కొట్టుకుంటారు. మూడో తరగతిలోనే నలుగురికి అక్షరాలు రావు. రెండో తరగతిలో ఒక పాప మాత్రం కథలు గడగడా చదివేస్తుంది. సార్ మీటింగుకు వెళ్ళిన రోజు 41 మందీ నా మీదే. మూడో తరగతిలో ఒక బాబు జూన్ నుంచి ఇప్పటివరకూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈ మధ్య ముగ్గురు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కేశారు. డీఎడ్‌లో నేర్చుకున్నది ఏదీ ఇక్కడ అక్కరకు రావడం లేదు. ఈ ఉద్యోగానికి నేను సరిపోనేమోనని రోజూ టెన్షనే. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ముప్ఫై రెండేళ్ళు ఇదే పని చేసి రిటైరైనదాన్ని. అందులో పదకొండేళ్ళు తండా బడుల్లోనే గడిచాయి. మంగళవారానికే చెదిరిపోయే ప్లాన్లు నేనూ కట్టలకొద్దీ రాశాను.

నువ్వు నేర్చుకున్న లెసన్ ప్లాన్‌లో ఒక తరగతి ఉంటుంది, ఒక పాఠం ఉంటుంది, నలభై అయిదు నిమిషాల పీరియడ్ ఉంటుంది. నీ గదిలో ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. చట్టం లెక్కపెట్టేది తలలను. ఐదు తరగతులున్నాయా, రెండున్నాయా అన్నది దానికి పట్టదు. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంది. అంటే రోజుకు నాలుగు గంటలు. వాటిని మూడు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి గంటా ఇరవై నిమిషాలు. అందులోనే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. ఎంత గొప్ప టీచరైనా ఈ లెక్కలో ఓడిపోతుంది. కాబట్టి తరగతులవారీగా చెప్పడం మానెయ్. వారం మొత్తాన్ని ఒకే పాఠంగా అనుకుని మొదలుపెట్టు.

దానికి ముందు ఒక పని. హాజరు పట్టీ తీసి, గత రెండు నెలల హాజరును వారాల లెక్కన ఒక తెల్లకాగితం మీద రాసుకో. సోమవారాలన్నీ ఒక వరుస, మంగళవారాలన్నీ ఒక వరుస. నేను మొదటిసారి అలా రాసుకున్నప్పుడు సిగ్గేసింది. సోమవారం ఎప్పుడూ పలచనే, ఆదివారం చుట్టాలింటికి పోయినవాళ్ళు ఇంకా తిరిగి రారు. అంగడి రోజు, అంటే వారపు సంత రోజు, మధ్యాహ్నం అన్నం తిన్నాక నలుగురైదుగురు మాయమవుతారు. గుడ్డు పెట్టే రోజున గది నిండుగా ఉంటుంది. ఇప్పుడు పత్తి ఏరే రోజులు. మూడో తరగతి ఆడపిల్లలు ఇంట్లో చిన్నవాళ్ళను కాస్తూ ఆగిపోతుంటారు, లేకపోతే ఆ చిన్నవాళ్ళనే చంకనేసుకుని బడికి వస్తారు. నువ్వు ఆదివారం రాత్రి రాసే ప్లాన్‌లో ఇవేవీ ఉండవు కదా. కొత్త సంగతి సోమవారం మొదలుపెడతావు, బుధవారం వచ్చినవాడికి తలా తోకా తెలియదు. గట్టి పని మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకో. నీ తండాకు అంగడి ఆ మూడు రోజుల్లోనే పడితే ఆ మధ్యాహ్నాన్ని మాత్రం వదిలెయ్.

ఇక పాఠం సంగతి. నేను పదేళ్ళు వాడిన పద్ధతి ఒకటి చెబుతాను.

సోమవారం వచ్చినవాళ్ళందరితో నేల మీద గుండ్రంగా కూర్చో. నిన్న ఏం చేశారో అడుగు. సగం లంబాడీలో, సగం తెలుగులో చెబుతారు. చెప్పనీ. అందులోంచి ఒక వాక్యం పట్టుకో. ఒకసారి రెండో తరగతి పిల్ల ఒకతె "మా మ్యాకపిల్ల పాలు తాగింది" అంది. ఆదివారం రాత్రే వాళ్ళ మేక ఈనిందట. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: మా మేకపిల్ల పాలు తాగింది. ఆ పిల్ల వేలుపెట్టి చూపిస్తూ మళ్ళీ "మా మ్యాకపిల్ల" అనే చదివింది. నేను దిద్దలేదు. ఆమెకు తాను చదువుతున్నానని తెలిసింది, ఆ పూటకు అంతే కావాలి. ఒకటో తరగతి వాళ్ళకు అక్షరాలు రాకపోయినా బోర్డు మీద ఏముందో తెలుసు. అందరూ వంతులవారీగా వచ్చి "చదివారు".

మంగళవారం పాత క్యాలెండర్ కాగితం వెనక ఆ వాక్యం రాసి నాలుగు ముక్కలు చేశాను. మా, మేకపిల్ల, పాలు, తాగింది. కలిపేసి మళ్ళీ పేర్చమన్నాను. ఒకడు "మా పాలు మేకపిల్ల తాగింది" అని పేర్చాడు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత గది గదంతా పడీ పడీ నవ్వింది. "మా ఇంట్ల నిజంగనే తాగింది టీచర్" అని ఇంకొకడు. "పాలు మా మేకపిల్ల తాగింది" అన్నా తెలుగులో అర్థం మారదు, "మా" ఒక్కటి చోటు మారితే మాత్రం పాలు ఎవరివో మారిపోతాయి. మూడో తరగతికి వ్యాకరణం పేరెత్తకుండా ఆ రోజు నేను చెప్పిన వ్యాకరణం అదే. నాలుగు కాగితం ముక్కలు, అంతే ఖర్చు.

బుధవారం మూడు గుంపులు చెయ్యి. తరగతిని బట్టి కాదమ్మా, ఎవరికి ఏం వచ్చో దాన్ని బట్టి. మూడో తరగతిలో అక్షరాలు రాని ఆ నలుగురూ ఒకటో తరగతి పిల్లలతోనే కూర్చుంటారు. వాళ్ళకు చిన్నతనంగా ఉంటుందనుకుంటావేమో. పలకలు పంచే పెత్తనం వాళ్ళకివ్వు, ఆ గుంపుకు పెద్దలైపోతారు. కథలు చదివే నీ రెండో తరగతి పాప మూడో గుంపులో ఉంటుంది. మొదటి గుంపుకు ఆ వాక్యంలోంచి ప, ల, క, త తీసుకున్నాను. పలక, తల, కల, కలప. "మ" కూడా అందులోనే ఉంది కానీ ముట్టుకోలేదు. ప, వ, మ పిల్లల కంటికి ఒకేలా కనబడతాయి, ఒకే వారం పక్కపక్కన పెడితే ఏడాదంతా తికమక పడతారు. ప చేతికి వచ్చాక మ. రెండో గుంపుకు గుణింతం: పా, తా, లు, గి దగ్గర మొదలుపెట్టి తాత, పాప, కాకి, గాలి. మూడో గుంపుకు "పిల్ల"లో ల్ల చాలు: తల్లి, పిల్లి, బెల్లం, మల్లె. వాళ్ళనే ఇంకో పది మాటలు వెతుక్కురమ్మన్నాను. పాఠ్యపుస్తకం తెరిచేది ఇప్పుడే. పుస్తకంలో ల్ల ఎక్కడెక్కడుందో పెన్సిల్‌తో సున్నా చుట్టమంటే వాళ్ళు అరగంట తల ఎత్తరు. ఆ అరగంటా నువ్వు చిన్నవాళ్ళ దగ్గర కూర్చోవచ్చు.

గురువారం "తర్వాత ఏమైంది?" అని అడిగితే ఇంకో రెండు వాక్యాలు వాళ్ళే చెప్పారు. శుక్రవారం నోటుబుక్కులో రాసి, కింద మేక బొమ్మ వేసి ఇంటికి తీసుకుపోయారు. శనివారం చివరి పీరియడ్ బాలసభలో చదివారు. ఇంగ్లీషుకు ఆ వారం గోట్, మిల్క్, డ్రింక్, ఈ మూడే. 2022 నుంచి మీ పుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగుతో వస్తున్నాయి. ఇంట్లో లంబాడీ, అదే గోర్ బోలి, సరేసరి. ఆరేళ్ళ పిల్ల నెత్తిన మూడు భాషల మూట. మూడు మాటలకు మించి ఆశపడకు.

ఇలా చేస్తే సిలబస్ ఎప్పుడవుతుందని అడుగుతావు. అక్షరాలు రాని నలుగురికి ఇప్పుడు సిలబస్ అయితే ఏం, కాకపోతే ఏం? 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అయినా, 2022 ఆగస్టులో మన రాష్ట్రం తెచ్చిన తొలిమెట్టు అయినా కోరేది ఇదే, మూడో తరగతి దాటేలోపు చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని. స్థాయిని బట్టి కూర్చోబెట్టడం నేను కనిపెట్టింది కూడా కాదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ ఎన్నో ఏళ్ళు చేసింది, 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో దాని మీదే పరిశోధన చేశారు. తనిఖీకి వచ్చినవాళ్ళు "మూడో తరగతి వాడు ఇక్కడెందుకు కూర్చున్నాడు" అంటే ఈ మాట చెప్పు. నోబెల్ పేరు చెబితే కాస్త తగ్గుతారు.

నిపుణ్ లక్ష్యాల్లో మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 పదాలైనా చదవాలని ఉంది. దాని గురించి బెంగ పెట్టుకోకు. "వెళ్ళిపోతున్నాడు" అన్నది మనకు ఒకే పదం, ఇంగ్లీషులో దానికి నాలుగు పదాలు. స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చదువుతారు, ఏం చదివారో చెప్పలేరు. అర్థమై చదివితే వేగం అదే వస్తుంది.

లెక్కలకు నీ దగ్గర మంచి వస్తువు వంటగదిలో ఉంది. గుడ్ల అట్ట. వరుసకు ఆరు చొప్పున ఐదు వరుసలు, 30 గుంటలు. ఖాళీ అట్టలు పారెయ్యొద్దని వంట చేసే అక్కకు చెప్పు. చింతగింజలు వేసి ఆరో ఎక్కం మూడో తరగతి వాళ్ళు దాని మీదే కట్టుకుంటారు. చిన్నవాళ్ళు రోజూ పొద్దున ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి ఆ అక్కకు చెప్పి రావాలి. తప్పు చెబితే అన్నం తగ్గుతుంది, కాబట్టి ఒళ్ళు దగ్గరపెట్టుకుని లెక్కపెడతారు.

ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై పది" అనే పిల్ల నీ గదిలోనూ ఉండే ఉంటుంది. నవ్వకు, కసరకు. ఇరవై తర్వాత అంకెలు వరుసగా అతుక్కుంటూ పోతున్నాయన్న సూత్రం ఆ పిల్ల తనంతట తాను పట్టేసింది. ఆపాల్సిన చోటు ఒక్కటే తెలియదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించు. రెండు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు. ఇంకొకటి చేతికిచ్చి ఊరుకో. పది విడి పుల్లలు కనబడగానే రబ్బరు బ్యాండు కోసం చెయ్యి చాపుతుంది. మూడు కట్టలయ్యాయి, ఇక "ముప్ఫై" అన్న మాట ఒక్కటి నువ్వందిస్తే చాలు.

రోజుకు ఐదారుగురిని మాత్రం విడిగా పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. మనిషికి మూడు నిమిషాలు. చదివించుకో, ఒక లెక్క అడుగు, పిల్లకో పేజీ చొప్పున ఒక నోటుబుక్కులో ఒక్క ముక్క రాసుకో. "గుడి, దీర్ఘం కలగాపులగం." "కూడిక వచ్చు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాదు." ఇంతే. శుక్రవారానికి 27 మందీ అయిపోతారు. వచ్చే వారం ప్లాన్ ఆ నోటుబుక్కులోనే ఉంటుంది. ఆదివారం రాత్రి హాయిగా పడుకో. పైవాళ్ళకు చూపించే ప్లాన్ ఎలాగూ రాయాలి, పొట్టిగా రాయి. జరగనిది జరిగినట్టు మాత్రం రాయకు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదలదు.

ఇక మాట్లాడని బాబు. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. సర్వీసులో రెండో ఏట ఒక తండా బడిలో మూడో తరగతి పాప ఇలాగే ఉండేది. కొన్నాళ్ళు చూసి రిజిస్టరులో పేరు పక్కన "మందకొడి" అని రాశాను. నా చేత్తోనే. శ్రావణమాసంలో తీజ్ పండుగ వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. నీకు తెలిసే ఉంటుంది. ఆ వారం నేను పరిసరాల విజ్ఞానంలో విత్తనం మొలకెత్తడం చెబుతున్నాను. గోధుమలు ఎన్నాళ్ళకు మొలుస్తాయని ఊరికే అడిగాను. ఆ పాప లేచి నిలబడింది. లంబాడీలో మొదలుపెట్టింది. గోధుమలు ముందు నానబెట్టాలని, ఎండ తగలనివ్వకూడదని, అందుకే మొలకలు పచ్చగా కాకుండా పసుప్పచ్చగా వస్తాయని చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్పింది. పక్క పిల్ల నాకు తెలుగు చేసి చెప్పింది. నా పాఠంలో ఉన్నదంతా, లేనిది కూడా ఆ పాప దగ్గర ఉంది. రిజిస్టరులో ఆ మాట కొట్టేశాను కానీ సిరా మరక పోలేదు.

కాబట్టి ఆ బాబు తండాలో ఆడుకునేటప్పుడు ఎలా ఉంటాడో ముందు చూడు. అక్కడ గలగలా మాట్లాడుతుంటే సమస్య భాషది, లేకపోతే భయానిది. వాళ్ళ భాషలో ఓ పది మాటలు నేర్చుకో. అమ్మను యాడి అంటారు, అది నీకు ఇప్పటికే తెలిసుండాలి. ఏక్, దీ, తీన్, చార్ అని లెక్కపెట్టు. తప్పు పలికితే ఇంకా మంచిది. టీచరును దిద్దే అవకాశం వస్తే ఏ పిల్లాడూ నోరు మూసుకుని కూర్చోడు. తండాలో కూడా మాట్లాడకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకు. వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడు, తిరుగుతాడో లేదో. చెవిలో చీము కారుతోందేమో వాళ్ళమ్మను అడుగు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం బడికి వచ్చినప్పుడు ఈ బాబును ప్రత్యేకంగా చూపించు. వాళ్ళు వచ్చేదాకా ఆగలేవనుకుంటే పీహెచ్‌సీకి పంపించు.

బస్సెక్కిన ముగ్గురి గురించి బాధపడుతూ కూర్చోకు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బతిమాలనూ వద్దు. శుక్రవారం నోటుబుక్కు ఇంటికి పోతుంది చూడు, అదే మాట్లాడాలి. చదువు రాని తల్లి కూడా తన బిడ్డ తమ మేక గురించి రాసింది చదువుతుంటే వింటుంది. మా తండాలో ఆ మేకపిల్ల కాగితాన్ని ఒకావిడ రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచింది.

చివరగా, సార్ మీటింగుకు వెళ్ళే రోజు. ఆ రోజు 41 మందికి పాఠం చెప్పాలని చూడొద్దు, కుదరదు. నేనైతే ఒక గుడ్డసంచి సిద్ధంగా పెట్టుకునేదాన్ని. అందులో ఓ రెండు కథల పుస్తకాలు, గులకరాళ్ళు, పాత క్యాలెండర్లు, సుద్దముక్కలు, తాడు. ఐదో తరగతి వాళ్ళు ఐదుగురు తలా ఒక గుంపును పట్టుకుంటారు. పొద్దున కథ చెప్పి, కథలోని ఒక ముక్కను గుంపుకొకటి చొప్పున నేల మీద సుద్దతో బొమ్మ వెయ్యమంటే అన్నం బెల్లు దాకా వరండా నిండిపోతుంది. మధ్యాహ్నం రాళ్ళతో లెక్కలు, తాడాట. సాయంత్రం అందరూ ఇంటికి క్షేమంగా పోతే ఆ రోజు పని అయినట్టే. సంచి ఈ శనివారమే కట్టిపెట్టుకో, మీటింగు కబురు ఎప్పుడూ ముందురోజు రాత్రే వస్తుంది. గులకరాళ్ళు మాత్రం కాస్త పెద్దవి ఏరు, కడిగి మరీ వెయ్యి. ఒకటో తరగతి వాళ్ళు నోట్లో పెట్టుకుంటారు.